రిపోర్టులన్నీ బాగున్నాయి, మనిషే బాగాలేదు

పాతస్టెతస్కోపు (ఫ్యామిలీ డాక్టరు)

చాలా రోజుల తర్వాత ఇటు వచ్చాను. నాలుగు నెలలుగా ఒక విషయం మనసులో నలుగుతోంది. నలుగురూ ఉన్నచోట చెప్పుకుంటే కాస్త తేలికపడుతుందని రాస్తున్నా.

ఒక పెద్దావిడ వచ్చింది. 78 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా తెలిసిన మనిషే, మధ్యలో రెండేళ్లు కూతురి దగ్గర ఉండి అక్కడి పెద్ద డాక్టర్లకు చూపించుకుని తిరిగొచ్చింది. కూర్చోగానే చేతిసంచి నా బల్ల మీద బోర్లించింది. బిళ్లల అట్టలు. లెక్కపెడితే 11 రకాలు. అట్టల వెనక ఆవిడే పెన్నుతో గుర్తులు పెట్టుకుంది: పొద్దుటివాటికి సూర్యుడు, రాత్రివాటికి చంద్రవంక. రెండు అట్టల మీద సూర్యుడూ చంద్రుడూ కలిసే ఉన్నారు. ఒకదాని మీద పెద్ద ప్రశ్నార్థకం.

"ఇది దేనికమ్మా?" అన్నాను.

"నేనూ అదే అడుగుదామని తెచ్చాను నాయనా" అంది.

వచ్చింది మాత్రం మందుల గురించి కాదు. రాత్రి బాత్రూముకు లేచి రెండుసార్లు పడింది. మోచేయి కమిలి నల్లబడింది. రిపోర్టులు చూస్తే అన్నీ ముత్యాల్లా ఉన్నాయి. షుగరు మూడు నెలల సగటు 6.4. కూర్చోబెట్టి చూస్తే పై బీపీ 126. కొలెస్టరాల్ పుస్తకంలో ఎంత ఉండాలన్నారో అంత. తనిఖీకి ఎవరొచ్చినా నూటికి నూరు వేసి వెళతారు. లేపి నిలబెట్టి, ఒక నిమిషం ఆగి మళ్లీ కొలిచా. 98. అప్పటికే ఆవిడ బల్ల అంచు గట్టిగా పట్టుకుని ఉంది.

ఆ పదకొండింటిలో తప్పుడు మందు ఒక్కటీ లేదు. గుండె డాక్టరు గుండె గైడ్‌లైన్ (ఆ జబ్బుకు ఏం చెయ్యాలో నిపుణులు రాసిపెట్టిన సూచనలు) ప్రకారం రాశారు, షుగరు డాక్టరు షుగరు గైడ్‌లైన్ ప్రకారం, ఎముకల డాక్టరు ఎముకల గైడ్‌లైన్ ప్రకారం. ప్రతి బిళ్ల వెనకా ఒక మంచి ట్రయల్, అంటే రోగులకు ఇచ్చి లెక్కగట్టి చూసిన పరీక్ష, ఉంది. అన్నీ కలిపి ఒకే కడుపులోకి వెళితే ఏమవుతుందో చెప్పే ట్రయల్ మాత్రం లేదు. ఇదేమీ కొత్తగా నేను కనిపెట్టిన సంగతి కాదు. 2005లో అమెరికా వైద్య పత్రిక జామాలో కొందరు ఒక ఊహా రోగిని తీసుకున్నారు: 79 ఏళ్ల ఆవిడ, ఐదు దీర్ఘకాలిక జబ్బులు. ఏ జబ్బుకు ఆ గైడ్‌లైన్ తు.చ. తప్పకుండా పాటిస్తే ఆవిడ మింగాల్సినవి 12 మందులని తేలింది. నా రోగికి ఒకటి తక్కువ, అంతే తేడా.

బీపీ మందు ఒకటి ఆపాను, షుగరు మందు తగ్గించాను. మూడు నెలలకు పై బీపీ 144, షుగరు సగటు 7.5. ఆవిడ మళ్లీ పడలేదు. సంచీ కూడా మర్చిపోయి వచ్చింది! కానీ అంకెలు లక్ష్యం దాటాయని నా కంప్యూటర్‌లో ఆవిడ పేరు పక్కన రెండు పచ్చ గడులు ఎర్రబడ్డాయి. పైనుంచి ఫోను: "డాక్టరు గారూ, ఈ త్రైమాసికం మీ కంట్రోల్ శాతం తగ్గింది, కారణం రాయండి."

కారణం రాశాను. "ఆవిడ నడుస్తోంది" అని. ఆ గడిలో అక్షరాలు పట్టవట, అంకెలే పడతాయట.

చెప్పండి, లెక్క ఎక్కడ తప్పుతోంది?

మాత్రలడబ్బా (ఫార్మసిస్టు)

ఆ సంచీ నాకు రోజూ కనిపించేదే సార్. నేను చూసే వరస ఒకటి చెబుతాను. బీపీకి ఆమ్లోడిపిన్ మొదలుపెడతారు. కొందరికి దానివల్ల పాదాలు వాస్తాయి. ఆ వాపు చూసి ఇంకొకరు నీరు లాగే మాత్ర రాస్తారు. నీటి మాత్రతో యూరిక్ యాసిడ్ పెరిగి బొటనవేలి కీలు వాచి ఎర్రబడుతుంది. దానికి గౌటు మందు. నొప్పికి ఇంకో బిళ్ల, ఆ నొప్పి బిళ్లతో బీపీ పెరుగుతుంది. మళ్లీ మొదటికి.

ఒక్కొక్కరూ ఎదురుగా కనిపించిన దానికే వైద్యం చేశారు. మొదటి మాత్ర వైపు మాత్రం ఎవరూ తిరిగి చూడలేదు. ఇన్నేళ్లలో నా కౌంటరు దగ్గరికి "ఇది ఆపండి" అని రాసున్న చీటీలు ఎన్ని వచ్చాయంటే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సందేహాలరావు

అంటే ఈ ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్, అదే పరిశోధనల ఆధారంగా చేసే వైద్యం, అంతా ఉత్తి హంగామా అనేగా మీరనేది? నేనెప్పటినుంచో చెబుతున్నా. వెనకటి డాక్టర్లు నాడి పట్టుకుని, కళ్లలోకి చూసి మందిచ్చేవారు, తగ్గేది. ఇప్పుడు పేపరులో లేకపోతే జబ్బే లేదంటారు. నలభై ఏళ్ల అనుభవం ముందు ఏ ట్రయల్ నిలుస్తుందండీ?

పాతస్టెతస్కోపు

రావుగారూ, ఆగండాగండి. నా భుజం మీద తుపాకీ పెట్టి కాల్చకండి.

అనుభవం ఎంత నమ్మకంగా ముంచుతుందో చెబుతా. గుండెపోటు వచ్చి బతికినవాళ్లలో కొందరికి గుండె మధ్యమధ్య లయ తప్పి అదనంగా కొట్టుకుంటుంది. అలాంటివాళ్లు హఠాత్తుగా పోయే ప్రమాదం ఎక్కువ. ఆ దెబ్బల్ని అణిచే మందులు వచ్చాయి. ఇస్తే ఈసీజీ చక్కగా తేటపడేది. డాక్టరు కళ్లెదుటే గీత సరిదిద్దుకుంటుంటే ఇంకేం రుజువు కావాలి? వేలమందికి ఇచ్చారు, అందరూ అనుభవజ్ఞులే. ఆఖరికి ఒక ట్రయల్ పెట్టి, చీటీలేసినట్టు రోగుల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మందు, ఇంకో జట్టుకు ఉత్తుత్తి బిళ్ల ఇచ్చారు. కాస్ట్ అంటారు దాన్ని. 1991లో పూర్తి లెక్క అచ్చయింది. మందు వేసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు. ఉత్తుత్తి బిళ్ల వేసుకున్న 743 మందిలో 26 మంది. గీత బాగుపడింది, మనిషి పోయాడు. చీటీలు వెయ్యకపోయి ఉంటే ఇప్పటికీ మేం ఆ మందు రాస్తూ, బతికినవాళ్ల దండాలు అందుకుంటూ ఉండేవాళ్లం.

నా సంగతే చెబుతా. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో గొంతునొప్పి అని ఎవరొచ్చినా యాంటీబయాటిక్ రాసేవాణ్ణి. వారంలో తగ్గి నవ్వుతూ వచ్చేవారు. నా హస్తవాసి అనుకునేవాణ్ణి. తర్వాత కాక్రేన్ వాళ్ల (ఒక విషయం మీద వచ్చిన ట్రయల్స్ అన్నీ కలిపి తూచే సంస్థ) సమీక్ష చదివితే తెలిసింది, యాంటీబయాటిక్ వల్ల గొంతునొప్పి తగ్గే కాలం సగటున కలిసొచ్చేది 16 గంటలేనట. మిగతా అంతా వాళ్ల ఒంటి గొప్ప. పదేళ్ల పాటు నేను తిన్న పొగడ్తలు తిరిగి ఇచ్చెయ్యాలంటే ఎవరికివ్వాలో తెలియలేదు.

కాబట్టి నా గొడవ ఆధారంతో కాదు. ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్ అనే మాటకు ఊపిరి పోసినవాళ్లలో ఒకరైన డేవిడ్ సాకెట్ 1996లోనే స్పష్టంగా రాశాడు: మంచి పరిశోధన, డాక్టరు అనుభవం, రోగి ఇష్టాయిష్టాలు, ఈ మూడూ కలిస్తేనే అది ఆధారసహిత వైద్యం అని. మొదటిదాన్ని మాత్రం పట్టుకెళ్లి గడుల్లో పోశారు. మిగతా రెండూ గుమ్మం బయటే ఉండిపోయాయి.

రాత్రిడ్యూటీ (ఆస్పత్రి వైద్యుడు)

సార్, మీ మీద గౌరవంతోనే అంటున్నా. ఈ కథకు రెండో సగం నేను చూస్తాను. తెల్లవారుజామున మూడింటికి స్ట్రెచరు మీద వస్తుంది: నోరు ఒక పక్కకు పోయి, కుడి చెయ్యి కదలక. ఇంట్లోవాళ్లను అడిగితే "బీపీ మందు ఆపేశామండీ, పెద్ద వయసు కదా, ఎందుకని" అంటారు. మీ గదిలో పడని మనిషి మా వార్డులో పడుతోంది.

స్ప్రింట్ ట్రయల్ సంగతి మీకు తెలియనిదా? పై బీపీ 120 లోపు ఉంచినవాళ్లలో గుండె జబ్బులూ మరణాలూ తగ్గాయని 2015లో మధ్యలోనే ఆపేశారు. అందులో 75 దాటినవాళ్లే 2,636 మంది. ముసలివాళ్లకూ లాభం కనిపించింది. 144 వదిలేయడం మంచితనం కావచ్చు, వైద్యమేనా?

పాతస్టెతస్కోపు

మంచి దెబ్బే కొట్టారు. ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటా: ముసలితనం పేరు చెప్పి బీపీ గాలికొదిలేసే డాక్టర్లు ఉన్నారు. పక్షవాతం గురించి నాకు భయం లేదనుకోకండి. మీ స్ట్రెచరు నా కలలోకీ వస్తుంది.

కానీ ఆ ట్రయల్‌లోకి ఎవర్ని రానిచ్చారో ఒకసారి చూడండి. షుగరు ఉన్నవాళ్లను తీసుకోలేదు. పక్షవాతం వచ్చినవాళ్లను తీసుకోలేదు. వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్లను తీసుకోలేదు. ఇంకొకటి: లేచి నిలబడ్డ నిమిషానికి పై బీపీ 110 కంటే తక్కువ ఉంటే వాళ్లనూ తీసుకోలేదు. మా ఆవిడకు (రోగికి! ఇంట్లో ఆవిడ కాదు) షుగరుంది, నిలబడితే 98. రెండు గుమ్మాల దగ్గర వెనక్కి పంపేవారు. ఆవిణ్ణి లోపలికి రానివ్వని ట్రయల్ ఫలితాన్ని ఆవిడ మీద రుద్దితే దాన్ని ఆధారం అనను నేను.

షుగరుదీ అదే వరస. అకార్డ్ అనే ట్రయల్‌లో 10,251 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మూడు నెలల సగటు 6 కంటే కిందికి దించాలని గట్టిగా పట్టుబట్టారు. ఆ జట్టులో 257 మంది చనిపోయారు, మామూలుగా చూసిన జట్టులో 203. 2008లో ఆ భాగం ఆపేశారు. తక్కువైతే మంచిది, ఇంకా తక్కువైతే ఇంకా మంచిది అనేది లెక్కల్లో కుదురుతుందేమో, ఒంట్లో కుదరలేదు. ఇదీ ట్రయలే చెప్పింది, నేను కాదు. ఆధారం చదివాకే మందు తగ్గించాను. మనసు కరిగి కాదు.

రాత్రిడ్యూటీ

నిలబడితే 110 సంగతి నేను గమనించలేదు. మళ్లీ చదువుతా.

చల్లనిచెయ్యి (నర్సు)

అసలు ఆ బీపీ ఎలా కొలుస్తున్నారని ఎవరూ అడగరేం?

మా దగ్గర పొద్దున జరిగేది చెబుతా. మెట్లెక్కి ఆయాసంతో వస్తారు. వచ్చీరాగానే కుర్చీ చూపిస్తాం. చొక్కా చెయ్యి పైకి మడవడానికి టైముండదు, బట్ట మీదే పట్టీ చుట్టేస్తాం. కాలు మీద కాలు వేసుకుని ఉంటారు. చెయ్యి గాల్లో వేలాడుతుంటుంది. పట్టీ బిగుసుకుంటుండగానే నేను "వయసెంత, పాత చీటీ తెచ్చారా" అని అడుగుతుంటా, ఆయన చెబుతుంటాడు. 152. రాసేస్తాం. కొత్త మందు మొదలు.

అదే మనిషిని పక్కన కూర్చోబెట్టి, వీపు కుర్చీకి ఆనించి, చెయ్యి బల్ల మీద పెట్టించి, ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా ఉంచి కొలిస్తే 134 వస్తుంది. ఎన్నిసార్లు చూశానో.

ఇప్పుడు మీరిద్దరూ చెప్పుకుంటున్న ఆ స్ప్రింట్‌లో ఐదు నిమిషాలు విశ్రాంతిగా కూర్చోబెట్టి, మిషనుతో మూడుసార్లు కొలిచి సగటు తీశారు. వాళ్ల 120 వేరు, మా 120 వేరు. మనం ఆ ట్రయల్ నుంచి అంకె తెచ్చుకున్నాం. కుర్చీ తెచ్చుకోలేదు, ఐదు నిమిషాలూ తెచ్చుకోలేదు.

మాత్రలడబ్బా

అమ్మా, దండం పెడతా మీకు.

లెక్కలమాస్టారు (గణాంకశాస్త్రం)

నేను డాక్టర్ని కాదు, డాక్టర్లకు లెక్కలు చేసిపెట్టేవాణ్ణి. ఈ గొడవలో సగం ఒక చిన్న కూడిక దగ్గరే తెగిపోతుంది.

ఒక పరీక్ష ఉందనుకోండి. జబ్బున్న 100 మందిలో 90 మందిని పట్టుకుంటుంది. జబ్బు లేని 100 మందిలో 90 మందిని లేదని సరిగ్గా చెబుతుంది. వినడానికి బ్రహ్మాండమైన పరీక్ష. పెద్దాస్పత్రి స్పెషలిస్టు దగ్గరికి జల్లెడపట్టిన రోగులే వస్తారు, సగం మందికి ఆ జబ్బు నిజంగానే ఉంటుందనుకుందాం. 1,000 మందిలో 500 మందికి జబ్బు, 450 మందికి పాజిటివ్. లేని 500లో 50 మందికి పొరపాటున పాజిటివ్. అంటే పాజిటివ్ వచ్చినవాళ్లలో 90 శాతానికి జబ్బు ఉన్నట్టే.

అదే పరీక్ష ఫ్యామిలీ డాక్టరు గదికి తెండి. అక్కడ 1,000 మందిలో పదిమందికే ఆ జబ్బు. తొమ్మిది మంది దొరుకుతారు. జబ్బు లేని 990 మందిలో 99 మందికి పొరపాటు పాజిటివ్. మొత్తం 108 పాజిటివ్‌లలో నిజమైనవి తొమ్మిది. నూటికి ఎనిమిది! పరీక్ష మారలేదు, మిషను మారలేదు. గుమ్మం మారిందంతే. పెద్దాస్పత్రిలో తయారైన గైడ్‌లైన్ చిన్న గదిలో తేడా కొట్టేది ఇక్కడే.

ఎంత చిన్న మూల నుంచి ఆధారం పోగుచేస్తున్నామో 1961లోనే కెర్ వైట్, ఆయన సహచరులు లెక్కేశారు. ఒక నెలలో 1,000 మంది పెద్దవాళ్లను తీసుకుంటే 750 మందికి ఏదో ఒక నలత ఉంటుంది. అందులో 250 మంది డాక్టరు దగ్గరికి వెళతారు. ఆస్పత్రిలో చేరేది తొమ్మిది మంది. బోధనాస్పత్రి దాకా చేరేది ఒక్కడు. వైద్య విద్యార్థి నేర్చుకునేది ఎక్కువగా ఆ ఒక్కడి దగ్గర.

సగటుమనిషి

నాకు సగం అర్థమైంది, సగం భయమేసింది. నేను ఏటా ఒంటినిండా పరీక్షలు చేయించుకుంటా, ముందే పట్టుకుంటే మంచిదని. అదీ తప్పేనా?

లెక్కలమాస్టారు

జబ్బు లక్షణాలేమీ లేనివాళ్లకు టోకున చేసే ఆరోగ్య పరీక్షల మీద ట్రయల్స్ ఉన్నాయి. 2019 కాక్రేన్ సమీక్షలో కలిపి చూసిన మనుషులు రెండున్నర లక్షలకు పైనే. మరణాల్లో తేడా కనిపించలేదు.

ముందే పట్టుకోవడం అన్ని వేళలా మేలు కాదనడానికి దక్షిణ కొరియా థైరాయిడ్ కథ చాలు. మెడకు స్కానింగ్ మామూలైపోయాక 2011 నాటికి అక్కడ థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. దాంతో చనిపోయేవాళ్ల సంఖ్య కదల్లేదు. అంటే జన్మలో బాధపెట్టని గడ్డల్ని వెతికి కోశారు. ఆ గ్రంథి తీయించుకున్నవాళ్లు బతికినంత కాలం మాత్ర మింగాలి. అందరికీ "మీ ప్రాణం కాపాడాం" అనే చెప్పి ఉంటారు, వాళ్లూ నమ్మి ఉంటారు.

పాతస్టెతస్కోపు

సగటుమనిషి గారూ, దీన్ని చూసి అన్నీ మానెయ్యకండి. గర్భాశయ ముఖ క్యాన్సర్ పరీక్ష లాంటివి నిజంగా ప్రాణాలు కాపాడతాయి. బీపీ కొలవడం, పొగతాగేవాణ్ణి మాన్పించడం, ఇవి ఎప్పుడూ నష్టం కాదు. మీ డాక్టర్ని ఒక్క మాట అడగండి: "ఈ పరీక్షలో తేడా వస్తే తర్వాత ఏం చేస్తారు?" దానికి జవాబు లేకపోతే పరీక్ష అక్కర్లేదు.

ఫైళ్లగుట్ట (ఆరోగ్య విధానాల విభాగంలో పనిచేశాను)

ఇంతసేపూ చదువుతూ కూర్చున్నా. అందరూ కలిసి గడుల్ని తిడుతున్నారు. ఆ గడులు గీసినవాళ్లలో నేనూ ఉన్నా, కాబట్టి ఒక మాట.

పాతస్టెతస్కోపు గారూ, మీరు రోగిని నిలబెట్టి బీపీ చూసే డాక్టరు. నేను విధానం రాసేది మీ కోసం కాదు. ఏడాదికోసారి కూడా బీపీ కొలవని డాక్టరు కోసం, ఆయన దగ్గరికి వెళ్లే వేలమంది కోసం. ఆ రోగులు ఈ వేదికలో రాయరు. జూలియన్ ట్యూడర్ హార్ట్ అని వేల్స్‌లో బొగ్గుగని కార్మికుల మధ్య పనిచేసిన ఫ్యామిలీ డాక్టరు ఉండేవాడు, మీ కోవకు చెందినవాడే. వైద్యం అవసరం ఎక్కువున్న చోటే మంచి వైద్యం తక్కువ దొరుకుతుందని 1971లో రాశాడు. ఆయన తన దగ్గరికొచ్చే ప్రతి ఒక్కరి బీపీ కొలిచాడు. కొలిచాడు కాబట్టే ఎవరికుందో తెలిసింది. కొలవద్దంటే చీకట్లో తడుముకున్నట్టే.

ఇంకోటి. మాస్టారు గారికి తెలిసే ఉంటుంది. 2002లో, ముట్లు ఆగిపోయిన 16,608 మంది మహిళలతో చేసిన హార్మోన్ మాత్రల ట్రయల్ ఆపేశారు. రొమ్ము క్యాన్సర్ పదివేల మందికి ఏడాదికి 30 నుంచి 38కి పెరిగింది. మీ గదిలో కూర్చున్న ఒక్క మనిషికి పదివేలకు ఎనిమిది అంటే ఆలోచించి తీసుకోదగ్గ ముప్పు, ఆవిడ బాధలు ఎక్కువైతే సరేననొచ్చు కూడా. నా బల్ల మీద అదే అంకె పది లక్షల మంది మాత్ర వేసుకుంటే ఏడాదికి 800 మంది. మీకూ నాకూ అంకె ఒకటే, నిద్ర పట్టనిది వేర్వేరుగా.

పాతస్టెతస్కోపు

ఇంత బాగా చెప్పాక కోపం ఎలా చేసుకోను?

కొలవద్దనలేదండీ. కొలిచినదాన్ని మార్కులు చేశారు, అక్కడ మొదలైంది తంటా. బ్రిటన్‌లో 48 గంటల్లో డాక్టరు దొరకాలని లక్ష్యం పెట్టారు. మంచి ఉద్దేశమే. ఏం జరిగింది? లక్ష్యం తప్పకూడదని కొన్నిచోట్ల రెండు రోజుల తర్వాతి తేదీకి అపాయింట్‌మెంట్ ఇవ్వడమే మానేశారు. "వచ్చే వారం రమ్మన్నారు" అని చెప్పినా బుక్ చెయ్యరు. 2005 ఎన్నికల వేళ టీవీలో ఒకావిడ అప్పటి ప్రధాని టోనీ బ్లెయిర్‌ను ముఖం మీదే అడిగింది. ఆయన తెల్లబోయాడు. శాతం మాత్రం అప్పటిదాకా బ్రహ్మాండంగా ఉంది.

టైము సంగతి చూడండి. 67 దేశాల లెక్కలు కలిపి 2017లో వేశారు. ఒక్కో రోగికి డాక్టరు ఇచ్చే సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22 నిమిషాల 30 సెకన్లు. ప్రపంచ జనాభాలో సుమారు సగం ఉన్న 18 దేశాల్లో ఐదు నిమిషాలు లేదా అంతకంటే తక్కువ. ఇంకో లెక్క 2022లో అమెరికాలో వేశారు. 2,500 మంది రోగులున్న ఫ్యామిలీ డాక్టరు అన్ని గైడ్‌లైన్లనూ అక్షరాలా పాటిస్తే రోజుకు 26.7 గంటలు పని చెయ్యాలి. నిద్ర మానినా ఇంకా రెండున్నర గంటలకు పైనే బాకీ! ఏదో ఒకటి వదిలెయ్యక తప్పదన్నమాట. ఏది వదలాలో మేం ఎంచుకోవాలి గానీ గడి ఎంచుకుంటోంది. అంకె పడే పని జరుగుతుంది. అంకె పడని పని, అంటే సంచీ బోర్లించి చూడటం, నిలబెట్టి కొలవడం, "ఇంట్లో ఎవరున్నారమ్మా" అని అడగడం, రేపటికి పోతుంది.

ఫైళ్లగుట్ట గారూ, మీరు నిజంగా ఆధారం చూసి విధానం రాస్తే ఒకటి రాయండి: రోగికి డాక్టరు మారకుండా చూడండి. నార్వే లెక్కలు 2021లో వచ్చాయి. ఒకే ఫ్యామిలీ డాక్టరు దగ్గర 15 ఏళ్లకు పైగా ఉన్నవాళ్లలో, ఏడాదే ఉన్నవాళ్లతో పోలిస్తే, మరణాలు నాలుగో వంతు తక్కువ. ఆస్పత్రిలో చేరడాలూ వేళకాని వేళ పరుగులూ సుమారు 30 శాతం తక్కువ. ఇలాంటి ఫలితం ఇచ్చే బిళ్ల దొరికితే అందరికీ రాసేవాళ్లం కాదూ?

లెక్కలమాస్టారు

డాక్టరు గారూ, దొరికారు! అది ట్రయలేనా? చీటీలు వేశారా? ఒకే డాక్టరు దగ్గర 15 ఏళ్లు ఉండేవాళ్లు ఎవరు? ఉన్న చోటు మారనివాళ్లు, జీవితం కాస్త స్థిమితంగా ఉన్నవాళ్లు. అలాంటివాళ్లు మామూలుగానే ఎక్కువ కాలం బతుకుతారేమో. రావుగారి అనుభవాన్ని కాస్ట్ చూపించి చిత్తు చేశారు, మీకు నచ్చిన ఫలితం రాగానే ట్రయల్ అడగడం మర్చిపోయారు.

సందేహాలరావు

హహ్హహ్హా. ఈ ఒక్క టపా కోసం ఇంతసేపూ ఓపిగ్గా కూర్చున్నా.

పాతస్టెతస్కోపు

దొరికిపోయాను. చెంపలేసుకుంటున్నా.

పూర్తిగా ఒదులుకోను గానీ. వాళ్లు వయసు, చదువు, ఉన్న జబ్బులు లాంటివి లెక్కలో సర్దుబాటు చేశారు. ఏళ్లు పెరిగేకొద్దీ లాభం మెట్లుమెట్లుగా పెరిగింది. అయినా మీరన్నది నిజమే, రుజువు అనకూడదు, గట్టి సూచన అనాలి. పెద్దావిడ సంగతీ అంతే. ఆవిడ పడకపోవడం నా గొప్పో, ఆ మూడు నెలల అదృష్టమో చెప్పడానికి నా దగ్గర రెండో పెద్దావిడ లేదు.

రాత్రిడ్యూటీ

ఈ మాట మా రౌండ్స్‌లో ఒక్క సీనియరు అన్నా చాలు సార్.

ఫైళ్లగుట్ట

ఒక వివరం చెప్పి తీరాలి. బ్రిటన్ 2004లో డాక్టర్లకు లక్ష్యాల మీద డబ్బిచ్చే పద్ధతి పెట్టినప్పుడు మినహాయింపు గడి కూడా పెట్టింది: ఈ రోగికి ఈ లక్ష్యం తగదు అని డాక్టరు నమోదు చేస్తే ఆ రోగి లెక్కలోకి రాడు. మా దగ్గరా అది ఉండాలని నేను రాశాను. "దుర్వినియోగం చేస్తారు" అని కొట్టేశారు. గట్టిగా పట్టుబట్టి ఉండాల్సింది. పట్టుబట్టలేదు, అప్పుడు ప్రమోషను మీద కన్నుంది.

సగటుమనిషి

డాక్టరు గారూ, మీ మొదటి టపా చదివాక మా అమ్మకు నిలబెట్టి కొలిచాను, ఇంట్లో మిషనుంది. ఈ మధ్య కళ్లు తిరుగుతున్నాయంటుంటే వయసనుకున్నాం. కూర్చుంటే 122. లేచాక 101. మాత్రలు తొమ్మిది రకాలు. ఇప్పుడు బీపీ బిళ్ల ఆపెయ్యనా?

పాతస్టెతస్కోపు

వద్దు! మీ అంతట మీరు ఒక్కటీ ఆపకండి. కొన్ని మందులు హఠాత్తుగా ఆపితే గుండె తిరగబడుతుంది. రాత్రిడ్యూటీ గారి స్ట్రెచరు గుర్తుంచుకోండి. మూడు రోజులు పొద్దున, రాత్రి కూర్చుని ఒకసారి, లేచి నిమిషం ఆగి ఒకసారి కొలిచి కాగితం మీద రాయండి. తొమ్మిది అట్టలూ, ఆ కాగితమూ సంచీలో వేసుకుని ఆవిణ్ణి రోజూ చూసే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎక్కువ ఆలస్యం చెయ్యకండి. ఈలోపు మంచం మీంచి లేచేటప్పుడు కాసేపు కూర్చుని, ఆ తర్వాతే నిలబడమనండి. రాత్రి లేస్తే లైటు వెయ్యమనండి.

సగటుమనిషి

వెళ్లొచ్చాం. ఆ డాక్టరు గారు కాగితం చూసి "ఎవరు రాయమన్నారు?" అన్నారు. కాసేపు అట్టలు తిప్పి చూసి, ప్రోస్టేట్... కాదులెండి, అది నాన్నది. మా అమ్మ సంచీలో నాన్న మాత్ర కలిసిపోయి ఉంది! నాలుగు నెలలుగా వేసుకుంటోందట. అది బీపీ కూడా దించుతుందట. తొమ్మిది కాదు, ఎనిమిదే.

మాత్రలడబ్బా

ఏ గైడ్‌లైన్‌లోనూ ఉండదిది.

ఫైళ్లగుట్ట

పాత సహోద్యోగులకు ఒక ప్రతిపాదన రాస్తున్నా. 70 దాటినవాళ్ల ఫారంలో ఒక గడి చేర్చాలని: "నిలబెట్టి కొలిచారా? సంచీ చూశారా?"

చల్లనిచెయ్యి

అయ్యా, ఇంకో గడి వద్దు. ఇంకో కుర్చీ ఇప్పించండి.